కట్టెల హీటింగ్ స్టవ్: గొట్టం గోడలోంచి తీసి చూరు కింద ఆపేయొచ్చా?

చలిమనిషి:
హాల్లో ఇనుప కట్టెల స్టవ్ పెడుతున్నామండీ. గొట్టం తగిలించే కాలర్ 6 అంగుళాలు. పైకప్పుకి కన్నం పెట్టడం ఇష్టం లేక, గోడలోంచి అడ్డంగా తీసి చూరు కిందే ఆపేద్దామని ఆలోచన. ఇంట్లో 4 అంగుళాల గొట్టం ముక్కలున్నాయి, రెడ్యూసర్ (పెద్ద గొట్టాన్ని చిన్నదానికి కలిపే ముక్క) వేసి వాడొచ్చా? తాత్కాలికంగా బిగించి వెలిగిస్తే బాగానే మండింది కానీ, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే పొగంతా హాల్లోకి వచ్చింది. కిటికీ కాస్త తెరిస్తే తగ్గింది. అలా తెరిచి ఉంచితే చాలా?

గొట్టం మేస్త్రి:
ముందు ఆ 4 అంగుళాల ముక్కలు పక్కన పెట్టేయండి. కాలర్ ఎంతుంటే గొట్టం చివరిదాకా అంతే ఉండాలి. 6 నుంచి 4కి దిగితే పొగ పోయే దారి సగానికన్నా తగ్గిపోతుంది.

చూరు కింద ఆపడం అసలు వద్దు. వేడి పొగ తేలిక కాబట్టి పైకి పోతుంది, పోతూ స్టవ్‌లోకి కొత్త గాలిని లాగుతుంది. ఆ లాగుడుకి నిలువు ఎత్తు కావాలి. చూరు కింద ఎత్తూ లేదు, గాలి ఎదురు కొడితే పొగ వెనక్కి, నిప్పురవ్వలు చూరు చెక్కకి. మేం పాటించే లెక్క: కప్పు దాటిన చోట కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తు. గోడలోంచే తీయాలంటే తీయండి, కానీ బయట నిలువుగా కప్పు పైదాకా లేపాలి. లోపల అడ్డంగా పోయే ముక్క పొట్టిగా ఉండాలి, అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి వాలు. గోడ దాటే చోటా, బయట పైదాకా మామూలు ఒంటి పొర గొట్టం పనికిరాదు, ఇన్సులేషన్ ఉన్న డబుల్ వాల్ గొట్టమే. లోపలున్న ఒంటి పొర గొట్టానికి చెక్క, కర్టెన్లు 18 అంగుళాల దూరంలో ఉండాలి.

జాయింట్ల దగ్గర చాలామంది తిరగేసి బిగిస్తారు. గొట్టం ముక్కకి ఒక కొస ముడతలుగా నొక్కి ఉంటుంది చూడండి, ఆ కొస స్టవ్ వైపుకే ఉండాలి. పొగ కారిపోతుందేమో అని కొత్తవాళ్లకి భయం. లాగుడు బాగుంటే పొగ కారదు. కారేది లోపల పేరుకున్న తారు. ముడత కొస కిందికి ఉంటే అది గొట్టం లోపల్లోపలే జారి స్టవ్‌లో పడి కాలిపోతుంది, లేదంటే నల్లటి చారలు మీ గోడ మీద. ప్రతి జాయింట్‌కీ మూడు స్క్రూలు.

వెంటిలేషన్ పిచ్చోడు:
ఫ్యాన్ సంగతి నేను చెప్తా. ఫ్యాన్ తోసేసినంత గాలి ఎక్కడినుంచో ఒకచోటి నుంచి లోపలికి రావాలి. తలుపులన్నీ బిగిస్తే మీ ఇంట్లో మిగిలిన పెద్ద కన్నం ఆ గొట్టమే, అందుకే పొగ ఎదురు తిరిగింది. కిటికీ తెరిస్తే తగ్గడం దానికి రుజువు. కానీ కిటికీని నమ్ముకోకండి, చలి ఎముకలు కొరికే రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు మూసేస్తారు. స్టవ్ దగ్గర్లో బయటి గాలి వచ్చేలా, మూత పెట్టడానికి వీల్లేని కన్నం ఒకటి పెట్టించండి. మీ స్టవ్‌కి బయటి గాలి గొట్టం తగిలించే ఏర్పాటుంటే మరీ మంచిది. పని అయ్యాక తలుపులు మూసి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి మళ్లీ వెలిగించి చూడండి.

చలిమనిషి:
ధన్యవాదాలండీ ఇద్దరికీ. మా బావమరిది ఇంకో మాటంటున్నాడు: పడుకునేముందు నిప్పులు మాత్రమే మిగిలాక, పొగ రాదు కాబట్టి గొట్టంలో డ్యాంపర్ (పొగ దారిని మూసే తిప్పుడు రేకు) పూర్తిగా మూసేస్తే వేడి తెల్లారేదాకా నిలుస్తుందట.

గొట్టం మేస్త్రి:
ఆ ఒక్కటీ చెయ్యనివ్వకండి! కణకణలాడే నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ బాగా వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. పైగా నిప్పు తగ్గేకొద్దీ గొట్టం చల్లబడి లాగుడూ తగ్గుతుంది. బూడిద పూర్తిగా ఆరేదాకా దారి తెరిచే ఉండాలి. పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, పొగ అలారం దాన్ని పసిగట్టదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ముందు బయటికి పరుగెత్తండి, అక్కణ్ణుంచి ఫోన్ చేసి సాయం పిలవండి.

వెంటిలేషన్ పిచ్చోడు:
గొట్టం పైకొస మీద పెట్టే టోపీకి పిట్టలు దూరకుండా జాలీ పెడితే దాన్నీ చూస్తుండాలి. పచ్చి కట్టెలు కాలిస్తే తారంతా ముందు అక్కడే పట్టి మూసుకుపోతుంది. ఆరిన కట్టెలే వాడండి, తేమ 20 శాతం లోపు. గొట్టం ఏడాదికోసారైనా బ్రష్ వేయించండి.