12 గంటల సెక్యూరిటీ డ్యూటీ: పాత ఓవర్‌టైమ్ బకాయికి గడువు 6 నెలలా, 3 ఏళ్లా?

హైదరాబాద్‌లో ఏజెన్సీల ద్వారా అపార్ట్‌మెంట్లలో 12 గంటల డ్యూటీ చేసే గార్డుల ఓవర్‌టైమ్ క్లెయిముల గురించి కార్మిక చట్టాలు తెలిసినవారి సాయం కావాలి.

రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు అంటే 208 గంటలు. అదనపు 4 గంటల లెక్కన నెలకు 104 గంటల ఓవర్‌టైమ్. దానికి రెట్టింపు రేటు కాబట్టి అదీ 208 గంటల వేతనమే. అంటే ఓవర్‌టైమ్ ఇవ్వకపోతే నెలనెలా ఇంకో పూర్తి నెల కనీస వేతనం ఎగిరిపోతోంది! ఇది చిన్న మొత్తం కాదు. పైగా ఏప్రిల్, అక్టోబరుల్లో మారే వీడీఏను (ధరలను బట్టి మారే కరువు భత్యాన్ని) కలపకపోతే క్లెయిమ్ ఇంకా తగ్గిపోతుంది.

అసలు చిక్కు గడువు దగ్గర. 1948 కనీస వేతనాల చట్టం సెక్షన్ 20 ప్రకారం 6 నెలల్లోపు దరఖాస్తు చేయాల్సి ఉండేది, ఆలస్యమైతే తగిన కారణం చూపాల్సి ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ సెక్షన్ 45లో గడువు 3 ఏళ్లు. మరి 2025 జనవరి బకాయి సంగతేమిటి? కోడ్ వచ్చేనాటికే దాని 6 నెలలు దాటిపోయాయి. కొత్త గడువు దాన్ని మళ్లీ బతికిస్తుందా, లేక ఆలస్యానికి మాఫీ కోరుతూ పాత చట్టం కిందే వెళ్లాలా?

ఇంకొకటి. వేతనం చెల్లించినట్టు రుజువు చేయాల్సిన భారం కోడ్ సెక్షన్ 59 యజమానిపైనే పెట్టింది. కానీ వేతన రిజిస్టరులో 8 గంటలే రాసి ఉంటే, 12 గంటలు పనిచేసినట్టు గార్డే చూపాలా? గేటు దగ్గరి డ్యూటీ మార్పిడి పుస్తకం ఫొటోలు, షిఫ్టు వాట్సాప్ మెసేజీలు సరిపోతాయా? మధ్యలో విశ్రాంతి ఇచ్చామని ఏజెన్సీ వాదిస్తే ఎలా ఎదుర్కోవాలి?

కోడ్ వచ్చాక ఇలాంటి దరఖాస్తు వేసినవారు ఉంటే, ఏ అధికారి స్వీకరించారో, ఏ కాగితాలు అడిగారో దయచేసి రాయండి.