రీలు దారం ఊరికే చిక్కు పడుతోంది, రీలు మార్చాలా?

గాలివాటం:
పొద్దున వచ్చినప్పటి నుంచి చేపల పని లేదు, దారం విప్పుకునే పనే. కాసేపు బాగానే ఉంటుంది. ఆ తరవాత విసిరానంటే చాలు, దారం ఉంగరాలు ఉంగరాలుగా ఊడివచ్చి రాడ్ మీది మొదటి వలయం దగ్గర పిచ్చుక గూడులా ముద్దకడుతుంది. గోళ్లతో విప్పి విప్పి విసుగొచ్చి, ఆ భాగమంతా కోసి పారేసి, కొత్త దారం చుట్టాను. అదీ అంతే! రీలు లోపమేనా? మార్చేయమంటారా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, ఇంకా గట్టు మీదే ఉన్నాను.

మొప్ప:
రీలు ఏ రకం? దారం ఏది, ఎంత మందం? కొసన ఏమి కట్టారు?

గాలివాటం:
మామూలు రీలే. మామూలు దారమే. కొసన ఎర. ఇందులో చెప్పడానికి ఏముంది? చిక్కు ఎందుకు పడుతోందన్నదే ప్రశ్న.

లోతునీళ్లు:
కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరికీ ఎదురయ్యే సమస్యే ఇది, కంగారుపడకండి. స్పూలు, అంటే రీలులో దారం చుట్టి ఉండే కండె, ఎర కంటే వేగంగా తిరగడమే కారణం. విసిరిన క్షణంలో స్పూలు పూర్తి వేగం అందుకుంటుంది. ఎరకు గాలి అడ్డుపడి దాని వేగం తగ్గిపోతుంది. స్పూలు మాత్రం అదే ఊపుతో దారం వదులుతూనే ఉంటుంది. ఆ మిగులు దారమే మీకు కనిపిస్తున్న ముద్ద. బొటనవేలును స్పూలు అంచు మీద తేలికగా ఆనించి ఉంచండి, ఎర నీటిని తాకే ముందు పూర్తిగా నొక్కండి. పక్కన ఉండే బిగింపు మరను ఎర బరువుకు తగ్గట్టు సరిచేసుకోవాలి. దారం వదిలితే ఎర నెమ్మదిగా కిందికి దిగాలి, నేలను తాకగానే స్పూలు ఆగిపోవాలి. అంతవరకు బిగించండి. అయస్కాంతపు బ్రేకు ఉంటే మొదట్లో ఎక్కువగా పెట్టుకుని, చేయి కుదిరాక తగ్గించుకోండి. ఎదురుగాలిలో విసరకండి.

గాలివాటం:
చదివి చూశాను. నా రీలులో బొటనవేలు పెట్టడానికి స్పూలు అందదు. రీలు రాడ్ కింద వేలాడుతూ ఉంటుంది. విసిరేటప్పుడు స్పూలు అసలు తిరగదు.

మొప్ప:
అది స్పిన్నింగ్ రీలు. పైన చెప్పిందంతా విసిరేటప్పుడు స్పూలు తిరిగే రీలుకు, అంటే బెయిట్‌కాస్టర్‌కు. వదిలేయండి.

లోతునీళ్లు:
రకం చెప్పకపోతే ఎవరైనా ఊహించే చెప్పాలి కదండీ. సరే, స్పిన్నింగ్ రీలు అంటే అసలు పని చేసే తీరే వేరు. ఇంగ్లండ్ వస్త్ర పరిశ్రమకు చెందిన ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఈ తరహా రీలుకు పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండె కదలకుండా ఉండి, నూలు దాని కొస మీదుగా జారిపోవడం ఉంటుంది చూడండి, ఆ సూత్రమే ఇది. స్పూలు తిరగనక్కర్లేదు కాబట్టి దాన్ని కదిలించడానికి ఎర బరువు ఖర్చు కాదు. అందుకే చాలా తేలికపాటి ఎరను కూడా దూరంగా విసరగలుగుతాం. అయితే ఈ సుఖానికి ఒక మూల్యం ఉంది. కదలని స్పూలు మీద నుంచి జారే ప్రతి చుట్టుకూ దారంలో ఒక పురి పడుతుంది. తిరిగి చుట్టేటప్పుడు, దారాన్ని స్పూలు మీదికి చేర్చే బెయిల్ తీగ స్పూలు చుట్టూ తిరుగుతూ ఆ పురిని విప్పేస్తుంది. లెక్క సరిపోయినంత కాలం బాధ లేదు. సరిపోనప్పుడే తంటా. కొత్త దారం చుట్టేటప్పుడే చాలామంది ఈ లెక్క తప్పిస్తారు.

ఒడ్డునుంచి:
ముందు అది పురి వల్ల పడే చిక్కా, వదులు చుట్ల వల్ల పడే చిక్కా తేల్చుకోండి. రెండింటికీ మందు వేరు. రాడ్ కొన నుంచి రెండు బారల దారం లాగి, కొసను చేత్తో పట్టుకుని, నెమ్మదిగా చేతిని రాడ్ కొన వైపు తీసుకురండి. మధ్యలో వేలాడే దారం తనంతట తానే మెలితిరిగి జంటపేటలా చుట్టుకుంటే పురి ఎక్కినట్టు. ఊరికే వంపుగా వేలాడితే పురి లేనట్టు.

తూకపురాయి:
చిక్కునంతటినీ ఒకే పేరుతో పిలవడం దగ్గరే ఈ చర్చ పక్కదారి పట్టింది. స్పూలు అతిగా తిరిగితే పడేది బ్యాక్‌లాష్. వదులు చుట్టు మరో చుట్టు కింద ఇరుక్కుని, విసిరినప్పుడు కట్టగా ఊడివస్తే పడేది గాలి ముడి. పురి వల్ల పడేది మూడోది. గాలివాటం గారు దేని గురించి అడుగుతున్నారు?

గాలివాటం:
పేరు ఏదైతే నాకేమిటి, విప్పలేక చస్తున్నాను. ఒడ్డునుంచి గారు చెప్పినట్టు పట్టుకుని చూశాను. మెలితిరిగి చుట్టుకుంది, అదీ బాగా.

ఒడ్డునుంచి:
అయితే పురే. ఇప్పుడు మొప్ప గారి ప్రశ్నకు వద్దాం. కొసన ఏముంది?

గాలివాటం:
చెప్పాను కదా, ఎర. తిరిగే రేకు ఉన్న స్పిన్నర్. దానికి ముందు ఏమీ లేదు, నేరుగా దారానికే ముడి వేశాను. మధ్యలో ఇంకేదైనా కడితే చేప అనుమానిస్తుందని ఎవరో చెప్పారు.

మొప్ప:
స్వివెల్ (తనంతట తాను తిరిగే చిన్న లంకె) కట్టండి.

ఒడ్డునుంచి:
మొప్ప గారు రెండు మాటల్లో తేల్చేశారు గానీ, కాస్త వివరం అవసరం. ఆ రేకు తీగ చుట్టూ తిరగాలి, ఎర మొత్తం తిరగకూడదు. కానీ వేగంగా లాగితే, లేదా రేకుకు గడ్డి పట్టితే, ఎర ఒళ్లంతా గిరగిరా తిరిగి ఆ తిరుగుడును దారానికి ఎక్కించేస్తుంది. బేరింగు ఉన్న చిన్న స్వివెల్‌ను ఎరకు జానెడు ముందు కడితే చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. నాసిరకం స్వివెల్ బరువు పడితే తిరగదు, వేళ్లతో లాగి పట్టి తిప్పి చూసి వాడండి. ఇక బెయిల్ తీగ పక్కన దారం ఆనే చిన్న రోలర్ ఉంటుంది. దాన్ని వేలితో తిప్పి చూడండి. ఇసుకో ఉప్పో పట్టి బిగుసుకుపోతే అది కూడా పురి ఎక్కిస్తుంది. స్పూలు అంచు వరకు దారం నింపారా? రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి.

లోతునీళ్లు:
చేప అనుమానం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దారం కనిపించకూడదనే వాళ్లు ఫ్లోరోకార్బన్ అనే రకం దారం వాడతారు. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33. ఫ్లోరోకార్బన్‌ది దాదాపు 1.42, నైలాన్‌ది 1.5 దాటుతుంది. నీటికి దగ్గరగా ఉన్నకొద్దీ తక్కువగా కనిపిస్తుందని వాదన. కానీ అది బిరుసు. స్పిన్నింగ్ స్పూలు మీద రీలు నిండా చుట్టుకుంటే ఉన్న చిక్కులకు మరిన్ని తోడవుతాయి. కొసన ఒక బార కడితే చాలు. అసలు జెల్ల జాతి చేపల కోసమైతే కంటి గోలే వద్దు. వాటికి రుచి మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీదా ఒంటి మీదా కూడా ఉంటాయి. బురద నీటిలో కళ్లు పనిచేయని చోట ఒళ్లంతా నాలుకే వాటికి. తిరిగే రేకు కంటే కంపుకొట్టే ఎరకే అవి ముందు వస్తాయి.

జలచరం:
ఇంతమంది దారం గురించి మాట్లాడుతున్నారు, అవతలి కొసన ఉన్న ప్రాణి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. చేపకు నొప్పి తెలియదని ఇంకా ఎంతకాలం నమ్ముతారు? 2003లో బ్రిటన్‌లో రెయిన్‌బో ట్రౌట్ మీద జరిపిన పరిశోధనలో పెదవుల చుట్టూ, ముఖం మీద హానిని గుర్తించే నాడీ గ్రాహకాలు దొరికాయి. పెదవిలో ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు తిండి మానేశాయి, పెదవులను అడుగున ఉన్న గులకరాళ్లకు రుద్దుకున్నాయి. మూడు సెకన్ల జ్ఞాపకశక్తి అనే కట్టుకథ కూడా అంతే. బంగారు చేపలు నేర్చుకున్నది నెలల తరబడి గుర్తుపెట్టుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో పట్టి వదిలేయాలన్న ఉద్దేశంతోనే గాలం వేయడం చట్టవిరుద్ధం.

తూకపురాయి:
గ్రాహకాలు ఉన్నంత మాత్రాన మనలాగే బాధపడుతుందని రుజువు కాదని చెప్పే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఈ వాదన ఇంకా తేలలేదు. ఒకవైపే చెప్పకండి.

జలచరం:
తేలలేదు కాబట్టి మన సరదాకు వీలైన వైపు ఎంచుకుందామంటారా?

మొప్ప:
దారం గురించి అడిగారు.

గాలివాటం:
రోలర్ తిరుగుతోంది, ఇసుక లేదు. దగ్గరలో ఉన్న మరొకాయన పెట్టెలోంచి స్వివెల్ ఇచ్చారు, కట్టాను. కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇందాక ఒక పెద్ద చేప పడింది, రీలు కర్రుకర్రుమంటూ అరిచింది. తిప్పుతూనే ఉన్నాను గానీ దారం ఒక్క బారైనా లోపలికి రాలేదు. చివరికి వదిలించుకుని పోయింది. ఆ వెంటనే విసిరితే మళ్లీ ముద్ద.

ఒడ్డునుంచి:
ఇదీ అసలు సంగతి! రీలు అరిచేటప్పుడు ఎందుకు తిప్పుతున్నారు? ఆ చప్పుడు డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారం తెగకుండా స్పూలును జారనిచ్చే బిగింపు, జారుతున్నప్పటిది. అప్పుడు స్పూలు తిరిగి దారం బయటికి పోతుంటుంది. మీరు పిడి తిప్పితే బెయిల్ స్పూలు చుట్టూ తిరుగుతుందే తప్ప దారం లోపలికి రాదు. తిప్పిన ప్రతి చుట్టూ పురిగా మారుతుంది. రీలు మీద 5.2:1 అని రాసి ఉంటే, పిడి ఒక్కసారి తిప్పితే బెయిల్ అయిదు సార్లకు పైగా తిరుగుతుంది. అంటే ఒక్క తిప్పుకు అయిదు పురులు. పెద్ద చేపతో కొద్ది నిమిషాలు అలా తిప్పితే ఎన్ని వందలు పడతాయో మీరే లెక్కవేసుకోండి. చేప లాగుతున్నప్పుడు పిడి వదిలేసి రాడ్‌ను పైకెత్తి పట్టండి. అది ఆగాక రాడ్‌తో మెల్లగా లాగండి, కిందికి దించుతూ ఆ వదులును మాత్రం చుట్టుకోండి. అసలు డ్రాగ్ ఎంత బిగించారు?

గాలివాటం:
తెగకూడదని వదులుగానే ఉంచాను. దారం 12 పౌండ్లది. చేప అంత బరువేమీ లేదు.

తూకపురాయి:
12 పౌండ్లు అని అట్ట మీద రాసిందా, మీరు తూచారా? ఇది తేడా పడే విషయమే. చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ దారాన్ని తడిపి తెంపి చూస్తుంది, ఎందుకంటే నైలాన్ నీళ్లు తాగి కొంత బలం కోల్పోతుంది. వాళ్ల తరగతులు కూడా కిలోల్లో ఉంటాయి. 12 పౌండ్ల తరగతి అని పిలిచేది నిజానికి 6 కిలోలు, అంటే 13.22 పౌండ్లు.

లోతునీళ్లు:
12 పౌండ్లు అంటే 5.4 కిలోలు. చేప ఎన్ని కిలోలన్నది డ్రాగ్‌కు సంబంధం లేదు. నీటిలో చేప బరువు మోయడం లేదు మీరు, అది లాగే లాగుడును మోస్తున్నారు. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు డ్రాగ్ పెట్టుకోవడం పద్ధతి. మీకైతే సుమారు 1.4 నుంచి 1.8 కిలోలు. చిన్న స్ప్రింగు తక్కెడను దారం కొసకు కట్టి లాగి చూడండి. ముడి దగ్గర బలం ఇంకా తగ్గుతుంది, అందుకే ఆ వెసులుబాటు.

జలచరం:
ఇక్కడ మాత్రం ఒడ్డునుంచి గారితోనూ లోతునీళ్లు గారితోనూ ఏకీభవిస్తాను. మరీ వదులు డ్రాగ్‌తో ఎక్కువసేపు ఆడిస్తే చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. వదిలేశాక ఈదుతూ వెళ్లినట్టే కనిపించి తరవాత చచ్చిపోవచ్చు. వదిలేసేవాళ్లు చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడిచేతికి ఒంటి మీది జిగురు ఊడివస్తుంది. గాలానికి ఉన్న ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేయండి. అన్నట్టు, కోసి పారేశానన్న దారం ఎక్కడ పారేశారు? పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. ఏరుకుని ఇంటికి తీసుకెళ్లండి.

ఒడ్డునుంచి:
ఇప్పటికే ఎక్కిన పురి ఊరికే పోదు. ఎర, స్వివెల్, గుండు అన్నీ విప్పేసి, ఉత్త దారాన్ని పారే నీటిలో పొడవుగా వదలండి. కొసన ఏమీ ఉండకూడదు. కొద్ది నిమిషాలు అలా ఉంచితే తనంతట తానే విప్పుకుంటుంది. తరవాత రెండు వేళ్ల మధ్య బిగువుగా పట్టి చుట్టుకోండి. కొత్త దారం చుట్టేటప్పుడు అది అంగడి నుంచి చుట్టి వచ్చిన కండెను నేల మీద పడుకోబెట్టి, రీలుకు పది చుట్లు చుట్టాక కాస్త వదులు చేసి చూడండి. మెలితిరిగితే ఆ కండెను తిరగేయండి.

తూకపురాయి:
రికార్డుల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పెద్ద నోటి బాస్ చేపకు 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జి పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సులే రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అంతకంటే కొంచెం ఎక్కువ బరువున్న చేపనే పట్టాడు. అయినా దాన్ని సమానంగానే లెక్కించారు.

జలచరం:
ఎక్కువ బరువైతే సమానం ఎలా అవుతుంది?

గాలివాటం:
ఇక్కడ నీళ్లు పారడం లేదు, చెరువు. పచ్చిక మీద దారం పరిచి లాక్కొచ్చాను, అదీ పనిచేసింది. డ్రాగ్ బిగించాను. ఇప్పుడు బాగానే పడుతోంది. థాంక్స్. అల్లిక దారానికి మారదామనుకుంటున్నాను, దాని గురించి తరవాత అడుగుతాను.

మొప్ప:
అప్పుడు మందం, రీలు పరిమాణం ముందే రాయండి.

తూకపురాయి:
జలచరం గారూ, 25 పౌండ్ల లోపు చేపకు పాత రికార్డును కనీసం 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు దాటితేనే కొత్త రికార్డుగా ఒప్పుకుంటారు. కురిటా చేప ఒక ఔన్సు కూడా దాటలేదు.

జలచరం:
ఆ 57 గ్రాముల కోసం చేపను తక్కెడకు ఎంతసేపు వేలాడదీశారో!