మా అబ్బాయిని ముందు నుంచి మిడ్‌ఫీల్డ్‌కి మార్చారు, టోనీ క్రోస్‌ని చూడమన్నారు. ఏం చూడాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మావాడికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఇన్నాళ్లూ ముందు ఆడి గోల్స్ కొట్టేవాడు. పోయిన నెల కోచ్ వాణ్ని వెనక్కి, డిఫెన్స్‌కి కాస్త ముందు ఆడమన్నారు. "నీకు చూపు బాగుంది, టోనీ క్రోస్ ఆట చూడు" అన్నారట. వాడికేమో "నేను స్లో అని వెనక్కి నెట్టేశారు" అని ఒకటే బాధ. ఆ రోజు రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని. క్రోస్ వీడియోలు పెట్టి చూస్తే ఇటు పాస్, అటు పాస్ తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఏ మ్యాచ్‌లు చూపించాలి, వాటిలో ఏం చూడమనాలి?

జవాబు:
అన్నా, ముందు మీవాడికి ఒక్క సంగతి చెప్పండి. జర్మనీకి, రియల్ మాడ్రిడ్ క్లబ్‌కి ఆడిన ఈ క్రోస్ కూడా ముందు ఆడి వెనక్కి వచ్చినవాడే.

అతను 1990 జనవరిలో గ్రైఫ్స్‌వాల్డ్‌లో పుట్టాడు. అప్పటికి అది ఇంకా తూర్పు జర్మనీయే. నాన్న ఫుట్‌బాల్ కోచ్. హన్సా రోస్టాక్ క్లబ్ కుర్రాళ్ల జట్టులో ఆడి, 2006లో జర్మనీలో పెద్ద క్లబ్ బయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు. 2007లో అండర్-17 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అతనికే ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, పదిహేడేళ్లకే, బయర్న్ సీనియర్ జట్టు తరఫున కాట్‌బుస్ జట్టు మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఆ కొద్దిసేపట్లోనే స్ట్రైకర్ క్లోజా కొట్టిన రెండు గోల్స్‌కి పాస్‌లు అందించాడు. ఇదంతా ముందు ఆడే మిడ్‌ఫీల్డర్‌గానే. బయర్న్‌లో చోటు దొరక్క లెవర్‌కుసెన్ క్లబ్‌కి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, వెళ్లినప్పుడు 2009-10 సీజన్‌లో లీగ్‌లో 9 గోల్స్ కొట్టాడు.

2014లో రియల్ మాడ్రిడ్ కొనుక్కుంది. ఆ ఏడాది ఆగస్టు చివర్లో, అక్కడ వెనక ఆడే మిడ్‌ఫీల్డర్ జాబీ అలోన్సో క్లబ్ వదిలి వెళ్లడంతో, కోచ్ అన్సెలోటీ క్రోస్‌ని వెనక ఆడించాడు. అక్కడి నుంచి పదేళ్లు. రియల్ తరఫున 465 మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ 28. ఆ అంకె మీవాడికి చూపించండి. ఆ 28 గోల్స్ మనిషి లేకుండా తుది జట్టు రాయడానికి ఏ కోచ్ కూడా ఇష్టపడలేదు. "స్లో" అన్నది అతని గురించి కూడా అన్నారు. బంతి రాకముందే తర్వాతి పాస్ ఎటో తెలిసినవాడికి పరుగు కాస్త తక్కువైనా నడుస్తుంది.

ఇక చూసే పద్ధతి. హైలైట్స్ వద్దు, పూర్తి మ్యాచ్ పెట్టండి. అందులో పది నిమిషాలు బంతిని వదిలేసి క్రోస్‌నే చూడమనండి. బంతి ఇంకా వేరేవాళ్ల కాళ్ల దగ్గర ఉండగానే అతను మెడ తిప్పి ఎన్నిసార్లు వెనక్కి చూశాడో కాగితం మీద గీతలు పెట్టమనండి. తర్వాత ఎక్కడ నిలబడ్డాడో చూడాలి. రియల్‌లో ఎడమ బ్యాక్ (డిఫెన్స్‌లో ఎడమ అంచున ఆడేవాడు) మార్సెలో ముందుకు పరిగెడితే, క్రోస్ ఆ ఖాళీలోకి దిగి, సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) పక్కన నిలబడి బంతి తీసుకునేవాడు. అక్కడికి ఎదుటి జట్టువాళ్లు రావాలంటే తమ చోటు వదిలి రావాలి. వస్తే వెనక ఖాళీ, రాకపోతే అతనికి తీరిక. మూడోది, పాస్ ఏ కాలికి వెళ్లిందో చూడాలి. తీసుకునేవాడు ఎటు తిరగాలో ఆ పాసే చెబుతుంది. కుడికాలికి ఇవ్వాల్సింది ఎడమకాలికి ఇస్తే వాడు వెనక్కి తిరగాల్సి వస్తుంది, అంతే, దాడి ఆగిపోతుంది.

2024 యూరో (యూరప్ దేశాల కప్) మొదటి మ్యాచ్, మ్యూనిక్‌లో జర్మనీ-స్కాట్లాండ్, దీనికి బాగా పనికొస్తుంది. క్రోస్ 102 పాస్‌లు ఇస్తే 101 చేరాయి.

మరొకరి జవాబు:
పైన చెప్పింది నిజమే కానీ, పిల్లాడికి మొదటే పాస్‌లు లెక్కపెట్టమంటే విసుగొస్తుంది సార్. ముందు 2014 ప్రపంచకప్ సెమీఫైనల్, బ్రెజిల్ మీద 7-1, చూపించండి. క్రోస్ 24వ నిమిషంలో ఒక గోల్, 26వ నిమిషంలో ఇంకొకటి కొట్టాడు. రెండోది చూడండి. బ్రెజిల్‌వాళ్లు అప్పుడే సెంటర్ నుంచి ఆట మొదలుపెట్టారు. వాళ్ల ఫెర్నాండీన్యో కాళ్ల దగ్గర బంతి లాక్కుని, తన జట్టు ఖెదీరాకి ఇచ్చి, తిరిగి తీసుకుని కొట్టేశాడు. వెనక ఆడేవాడు గోల్ కొట్టకూడదని ఎవరూ అనలేదు.

రెండోది 2018 ప్రపంచకప్‌లో సోచీలో స్వీడన్ మ్యాచ్. ఇది తప్పకుండా చూపించండి. మొదటి హాఫ్‌లో క్రోస్ ఇచ్చిన చెడ్డ పాస్ నుంచే స్వీడన్ గోల్ కొట్టింది. ఆ తర్వాత దాక్కోలేదు, బంతి అడుగుతూనే ఉన్నాడు. జర్మనీకి రెడ్ కార్డ్ పడి పది మందే మిగిలారు. స్కోరు 1-1. తొంభై నిమిషాలయ్యాక కలిపిన టైమ్‌లో, 95వ నిమిషంలో, ఎడమ పక్క నుంచి ఫ్రీకిక్. అంతా క్రాస్ వేస్తాడనుకున్నారు. పక్కనున్న తన జట్టు రాయిస్‌కి చిన్నగా తాకించి, అతను ఆపగానే దూరపు పోస్ట్ పై మూలకి వంపు తిప్పి కొట్టాడు. తర్వాతి మ్యాచ్‌లో కొరియా చేతిలో ఓడి జర్మనీ ఇంటికి వెళ్లిందనుకోండి, అయినా ఆ గోల్ నా కళ్లముందే ఉంది.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఆదివారం ఇద్దరం కూర్చుని స్కాట్లాండ్ మ్యాచ్ చూశాం. మొదటి ఐదు నిమిషాలు కదిలిపోతూ కూర్చున్నాడు. తర్వాత వాడే పెన్సిల్ తీసుకున్నాడు. "నాన్నా, బంతి ఇటు వస్తోందని తెలిసి కూడా అటు చూస్తున్నాడు" అన్నాడు. రెండు సందేహాలు. యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు చాంపియన్స్ లీగ్ ఆరుసార్లు గెలిచాడంటారు, రియల్‌తో లెక్కపెడితే ఐదే వస్తున్నాయి. ఇంకోటి, మావాడి ఎడమకాలు బలహీనం. ఇంట్లో ఏం చేయించాలి?

జవాబు:
ఆరోది, అంటే మొదటిది, 2013లో బయర్న్‌తో. కానీ ఆ ఫైనల్ ఆడలేదు. క్వార్టర్ ఫైనల్‌లో యువెంటస్ మీద గాయపడి సీజన్ అంతా పోయింది. రియల్‌తో 2016, 2017, 2018, 2022, 2024. చివరిది వెంబ్లీలో, డోర్ట్‌మండ్ మీద. అతని కార్నర్‌కే రియల్ డిఫెండర్ కార్వహాల్ తల పెట్టి మొదటి గోల్ కొట్టాడు. క్లబ్ తరఫున అదే ఆఖరి ఆట. ఆ వెంటనే సొంతగడ్డ మీద యూరో ఆడి, జులై 5న స్టుట్‌గార్ట్‌లో స్పెయిన్ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడిపోవడంతో 34 ఏళ్లకి బూట్లు విప్పేశాడు. ఇంకొన్నేళ్లు ఆడగలిగీ ఆపేశాడు. నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

ఎడమకాలికి గోడే మంచి గురువు. నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, కుడికాలితో ఆపి ఎడమకాలితో కొట్టడం, ఎడమతో ఆపి కుడితో కొట్టడం. రోజూ పది నిమిషాలు చాలు. గట్టిగా కాదు, శుభ్రంగా. మెడ తిప్పే అలవాటుకి మీరు వాడి వెనక నిలబడి వేళ్లు చూపించండి. బంతి గోడకి తగిలి వాడి కాలికి చేరేలోపు వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. వారంలో మార్పు రాదు, రెండు మూడు నెలలు పట్టనివ్వండి. ఈలోగా ఒకసారి కోచ్‌ని కలిసి, వాణ్ని ఎందుకు మార్చారో వాడి ముందే చెప్పమని అడగండి. మనం వంద చెప్పినా ఆయన నోటి నుంచి వస్తేనే వాడికి నమ్మకం.

అడిగినవారు:
రేపే కలుస్తాను. వేళ్ల ఆట ఇవాళే మొదలుపెట్టాం, పదింటికి నాలుగు సరిగా చెప్పాడు. ఇప్పుడు క్రోస్ లాంటి తెల్ల బూట్లు కావాలంటున్నాడు. కొనాలా?

జవాబు:
ఉన్నవి కాలికి సరిపోతుంటే వద్దన్నా. క్రోస్ ఏళ్ల తరబడి ఒకే మోడల్ వేసుకున్నాడు. దాని తర్వాత ఎన్ని కొత్తవి వచ్చినా మార్చలేదు. ఆట అయ్యాక తడిగుడ్డతో తుడిచి, లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టమనండి. ఎండలో పెడితే జిగురు వదిలేస్తుంది.