ఫ్లో ని అసలు ఎలా కొలుస్తారు?

ప్రశ్న: వీణ ప్రాక్టీస్‌కి కూర్చుంటే టైమ్ తెలీదు, టీవీ ముందు మాత్రం బోర్, ఈ ఫ్లో అనేదాన్ని, అంటే చేసే పనిలో పూర్తిగా లీనమైపోవడాన్ని, రీసెర్చ్ వాళ్ళు ఎలా కొలుస్తారండీ? మధ్యలో అడిగితే అదే పోతుంది కదా!

రిప్లై: చికాగోలో ఫ్లో మీద రీసెర్చ్ చేసిన సైకాలజిస్ట్ చిక్‌సెంట్‌మిహాయి టీమ్ జనాలకి పేజర్లు ఇచ్చింది, వారంపాటు రోజుకి ఏడెనిమిది సార్లు చెప్పాపెట్టకుండా మోగేది, మోగగానే ఏం చేస్తున్నారు, అదెంత సవాలుగా ఉంది, మీకెంత స్కిల్ ఉంది అని ఫారంలో రాయాలి. రెండూ ఆ మనిషి సొంత యావరేజ్ కంటే పైనుంటే ఫ్లో కింద లెక్క.

రిప్లై: వాళ్ళ 1989 రీసెర్చ్ పేపర్‌లో తమాషా ఏంటంటే ఖాళీ టైమ్‌లో కంటే ఉద్యోగంలోనే ఫ్లో ఎక్కువ తేలింది, అయినా పనిలో ఉన్నప్పుడే వేరేది చేస్తే బాగుండనిపించిందట 😀

రిప్లై: నాకా లెక్క మీద డౌటే. సవాలూ స్కిలూ ఉంటే లీనమైనట్టేనా? టాక్స్ ఫైలింగ్‌లోనూ రెండూ ఉంటాయి బాబూ!