మెంటల్, ఇడియట్: రెండూ ఒకే రకం తిట్లా?

కృష్ణాతీరం: మా పాప తమ్ముణ్ని "మెంటల్" అంటే కోప్పడ్డాను. "ఇడియట్ అంటే ఏమీ అనరు, మెంటల్ అంటే తిడతారేం?" అని ఎదురడిగింది. రెండింటికీ తేడా ఉందా? మీ అభిప్రాయం చెప్పండి.

ఓరుగల్లు మాస్టారు: పుట్టుకలో తేడా లేదండి. ఇడియట్ కూడా ఒకప్పుడు డాక్టర్లు, కోర్టులు రాసిన మాటే. 1910 ప్రాంతంలో అమెరికా సైకాలజిస్టు హెన్రీ గొడ్డార్డ్ బుద్ధి ఎదగనివాళ్లను మూడు తరగతులు చేశాడు. రెండేళ్ల పిల్లల బుద్ధి దాటనివాళ్లు ఇడియట్లు, మూడు నుంచి ఏడేళ్ల వరకైతే ఇంబెసైల్, ఎనిమిది నుంచి పన్నెండైతే మోరాన్. ఈ మోరాన్‌ను గ్రీకు నుంచి తెచ్చింది ఆయనే. ఇవి పుస్తకాల్లోనే ఉండిపోలేదు. క్యారీ బక్ అనే యువతికి ఇక పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చెయ్యడాన్ని 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. "మూడు తరాల ఇంబెసైళ్లు చాలు" అని జస్టిస్ హోమ్స్ తీర్పులోనే రాశాడు. మన 1955 హిందూ వివాహ చట్టంలోనూ వధూవరుల్లో ఎవరూ ఇడియట్ గానీ లూనటిక్ గానీ కాకూడదని ఉండేది. 1976లో ఆ మాటలు మార్చారు. అందుకే నేను క్లాసులో రెండూ అననివ్వను.

పల్నాడు కుర్రోడు: మాస్టారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఇవాళ ఇడియట్ అనేవాడి మనసులో అదేదీ ఉండదు. బండి అడ్డంగా పెట్టినవాణ్ని అంటాం, ప్రాణస్నేహితుణ్నీ అంటాం. పుట్టుక చూసి మాటలు మానెయ్యాలంటే మా అమ్మమ్మ నన్ను "పిచ్చి నాయనా" అని పిలవకూడదు.

విశాఖ అక్క: తమ్ముడూ, ఇడియట్ విషయంలో నీతో ఒప్పుకుంటాను. ఆ పేరుతో ఇప్పుడు ఏ డాక్టరూ చీటీ రాయడు. మెంటల్ అలా కాదు, అది ఇంకా ఆసుపత్రి మాటే. హైదరాబాద్‌లో "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అని ఊరికే అనేస్తారు. అక్కడి మానసిక వైద్యశాల ఓపీ క్యూలో నిజంగా నిలబడే కుటుంబాలున్నాయి కదా! మా సొంత తమ్ముడు చాలాకాలంగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆఫీసులో ఎవరో ఇంకెవరినో "మెంటల్‌గాడు" అన్నా వాడికి ఆ పూట అన్నం సహించదు. జబ్బు మొదలైన కొత్తలో మా నాన్న డాక్టరు దగ్గరికి వెళ్లనివ్వలేదు. చెల్లెలి పెళ్లి చెడిపోతుందని, ఊళ్లో ఆ ముద్ర పడుతుందని భయం. ఆ మాట వల్ల వైద్యం ఆలస్యమైంది. ఇది నా ఇంట్లో జరిగింది.

డల్లాస్ తెలుగు: అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మాట మారిస్తే సరిపోతుందా అన్నది నా అనుమానం. ఇక్కడ "మెంటల్ రిటార్డేషన్" అన్నది పాత మాటల కంటే మర్యాదగా ఉంటుందనే వాడారు. అదీ తిట్టయింది. 2010లో రోజాస్ లా అనే చట్టం తెచ్చి, ఫెడరల్ చట్టాల్లో "ఇంటలెక్చువల్ డిజెబిలిటీ" అని మార్చారు. ఇప్పుడు మా పిల్లల బస్సులో "స్పెషల్" అన్న మాటనే వెక్కిరింపుగా వాడుతున్నారు. చులకన పోనంతకాలం కొత్త మాటా పాడవుతుంది.

విశాఖ అక్క: చులకన పోవాలి, నిజమే. అది పోయేదాకా మా తమ్ముడు ఆ మాట పడుతూ ఉండాలా? ఆసుపత్రి పేరు మార్చమని నేను అడగడం లేదు. దాన్ని తిట్టుగా వాడొద్దంటున్నాను, అంతే.

పల్నాడు కుర్రోడు: సరే అక్కా, మెంటల్ మానేస్తాను. ఇడియట్ మాత్రం మానను. ఇంకొకటి, సైకో సంగతేంటి? ఎన్నికల మీటింగుల్లో మైకు పట్టుకుని నాయకులే అంటున్నారు.

ఓరుగల్లు మాస్టారు: అది మెంటల్ కంటే చెడ్డది బాబూ. మనసు జబ్బున్న ప్రతివాడూ హంతకుడన్నట్టు వినిపిస్తుంది. నాయకులు అన్నారని మా పిల్లలు క్లాసులోనూ అంటున్నారు. నేను ఆపుతూనే ఉన్నాను.