నీల్, హావ్‌లాక్ ద్వీపాల్లో అద్దె సైకిలు: తీసుకోవచ్చా, వద్దా?

తీరం వైపు (మంగళవారం, రాత్రి 8.10)

డిసెంబరు రెండో వారంలో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా వారు, పన్నెండేళ్ల మా అమ్మాయి. హావ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో రెండు రాత్రులు ఉంటాం. 2018లో వీటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. అందరికీ అలవాటైనవి కాబట్టి పాత పేర్లే రాస్తున్నాను.

ఈ నాలుగు రోజులూ సైకిళ్ల మీదే తిరగాలని నా కోరిక. అమ్మాయికి స్కూటరు నడిపే వయసు రాలేదు. సైకిలైతే ఎవరి వెనకా కూర్చోకుండా తన దారి తాను చూసుకుంటుంది. మా వారు మాత్రం స్కూటరే మేలంటున్నారు. నాకు మూడు విషయాలు తెలియాలి. రెండు ద్వీపాల్లోనూ సైకిలు సరిపోతుందా? దుకాణంలో అసలు ఆధార్ కార్డు తాకట్టు పెట్టమంటారని విన్నాను, పెట్టవచ్చా? పన్నెండేళ్ల పిల్ల ఎత్తుకు సరిపడే సైకిలు దొరుకుతుందా?

రెండు చక్రాలు (మంగళవారం, రాత్రి 9.02)

నేను విశాఖలో ఇరవై ఏళ్లుగా సైకిలు తొక్కుతున్నాను. భీమిలి దాకా వెళ్లి రావడం నా ఆదివారపు అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను: నీల్‌లో తీసుకోండి, హావ్‌లాక్‌లో వద్దు.

నీల్ చిన్న ద్వీపం. పడవ దిగిన చోటు నుంచి తూర్పు కొసన ఉన్న సీతాపూర్ తీరానికి అయిదు కిలోమీటర్ల దూరం. భరత్‌పూర్ పక్కనే ఉంటుంది, లక్ష్మణ్‌పూర్ కూడా దూరం కాదు. దారి దాదాపు సమతలం. అరటితోటలు, కూరగాయల మడుల మధ్య నుంచి పోతుంది.

హావ్‌లాక్ సంగతి వేరు. రేవు నుంచి రాధానగర్ తీరానికి పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో అడవి, ఎత్తు దారి. గేర్లు లేని అద్దె సైకిలు మీద ఆ ఎత్తు ఎక్కడం మామూలు మనిషి వల్ల కాదు. ఎక్కినా దిగేటప్పుడు బ్రేకులు పట్టవు. ఆ సైకిళ్ల బ్రేకుల గురించి నాకు తెలిసినంత చేదుగా మరొకరికి తెలియదు.

కొబ్బరాకు (మంగళవారం, రాత్రి 9.20)

2019లో గేర్లు లేని సైకిలు మీదే రాధానగర్ వెళ్లి వచ్చాను. ఎక్కగలిగాను.

రెండు చక్రాలు (మంగళవారం, రాత్రి 9.31)

కొబ్బరాకు గారూ, ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కారా? దిగి నెట్టుకుంటూ వెళితే దాన్ని ఎక్కడం అనరు.

కొబ్బరాకు (మంగళవారం, రాత్రి 9.48)

రెండు చోట్ల దిగాను. అయినా వెళ్లాను, వచ్చాను. ఆవిడ అడిగింది అదే కదా.

రెండు చక్రాలు (మంగళవారం, రాత్రి 10.05)

కాదు. రెండు చోట్ల దిగారంటే నా మాట నిజమని మీరే ఒప్పుకున్నట్టు. పన్నెండేళ్ల పిల్ల ఎన్ని చోట్ల దిగాలి? ఎండలో, మంచినీళ్లు అయిపోయాక? దయచేసి ‘ఎక్కగలిగాను’ అనే మాటను సరిచేయండి. అది చదివి బయలుదేరేవాళ్లు ఉంటారు.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, ఉదయం 6.15)

నేను పోర్ట్ బ్లెయిర్‌లో పెరిగాను. మా నాన్నగారిది టెక్కలి దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వాటిలో మాదొకటి. మా మేనమామ చాలా ఏళ్లు హావ్‌లాక్‌లో సైకిళ్లు అద్దెకు ఇచ్చారు. సెలవుల్లో ఆయన దగ్గర పంక్చర్లు వేస్తూ పెరిగాను.

రాత్రంతా ఎత్తు గురించే వాదించుకున్నారు. రాధానగర్‌కు సైకిలు మీద వెళ్లేవాళ్లకు అసలు ఇబ్బంది వెలుతురు. మా దగ్గర గడియారం దేశమంతటికీ ఉన్నదే, సూర్యుడు మాత్రం ముందే అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదుకే అటూ ఇటూగా పొద్దు గూకుతుంది. 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని రాసినప్పటి నుంచి అందరూ రాధానగర్‌కు సూర్యాస్తమయం చూడటానికే వస్తారు. అది చూసి వెనుదిరిగితే పన్నెండు కిలోమీటర్లు చీకట్లో, చెట్ల కింద, వీధి దీపాలు లేని దారిలో తొక్కాలి. అద్దె సైకిలుకు లైటు ఉండదు. ఎదురుగా టాక్సీలు బారులుగా వస్తుంటాయి.

కాబట్టి తీరం వైపు గారూ, రాధానగర్‌కు సైకిలు మీదే వెళ్లాలనుకుంటే తెల్లవారుజామున వెళ్లండి. డిసెంబరులో ఆరు గంటలకల్లా బాగా వెలుగు వస్తుంది. పది లోపు తిరిగి వచ్చేయండి. సూర్యాస్తమయానికి మరో రోజు ఆటోలో వెళ్లండి. విజయ్‌నగర్ తీరం, బజారు వైపు ఎప్పుడైనా సైకిలు చాలు.

అసలు కార్డు ఎవరికీ ఇవ్వకండి. తర్వాతి పడవ ఎక్కేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి. దుకాణం ఆ ఉదయం తెరవకపోతే మీరు రేవులో నిలబడిపోతారు. నకలు ఇచ్చి, ఫోను నంబరు రాసి, కొంత సొమ్ము ధరావతుగా కట్టండి.

బ్రేకుల మాట కూడా చెప్పాలి. అద్దె సైకిళ్లను పాడు చేసేది ఉప్పుగాలి ఒక్కటే కాదు. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా అని సందర్శకులు నీళ్ల అంచునే తొక్కుతారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ ఉప్పునీరు చైనులోకి, ఫ్రీవీలులోకి, బ్రేకు తీగలోకి పోతుంది. సాయంత్రం సైకిలు తెచ్చి స్టాండు వేసి వెళ్లిపోతారు. మరుసటి రోజు దాన్ని తీసుకున్నవాళ్లు దుకాణదారును తిడతారు.

రెండు చక్రాలు (బుధవారం, ఉదయం 7.40)

అంటే తప్పంతా తొక్కేవాడిదేనా? ఉప్పునీరు తగులుతుందని దుకాణదారుకు తెలియదా? ద్వీపంలో సైకిళ్లు అద్దెకిచ్చేవాడు ఉప్పు సంగతి నాకు తెలియదంటే, ఏటి ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాడు వరద సంగతి తెలియదన్నట్టే.

వర్షాకాలం (బుధవారం, ఉదయం 8.12)

మీ సైకిలునే తీసుకెళ్లండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ ఉంది.

గోరింట (బుధవారం, ఉదయం 9.30)

వర్షాకాలం గారూ, ఆ ఓడ రోజూ ఉండదు, ప్రయాణానికే రెండు రోజులు దాటుతుంది. నాలుగు రోజుల సెలవు ఉన్నవాళ్లకు అది కుదిరే పనేనా? విమానంలో తీసుకెళ్లాలన్నా పదిహేను కిలోల సామాను హద్దులో ఒక్క సైకిలు పెట్టె పట్టడమే కష్టం, వీళ్లకు మూడు కావాలి.

నాదొక మాట. మేము నీల్ వెళ్లినప్పుడు దుకాణంలో ఉన్నవన్నీ పెద్దవాళ్ల ఎత్తుకు చేసిన సైకిళ్లే. సీటు దించమని నేను అడిగితే ఆ అబ్బాయి మా వారి వైపు తిరిగి సమాధానం చెప్పాడు. సీటు బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. రెండు రోజులూ కాలి వేళ్ల కొనలతో తొక్కాను. మోకాళ్ల నొప్పి వారం దాకా తగ్గలేదు. ఎత్తు, బ్రేకు, చీకటి అని ఇంత రాశారు కదా, పిల్ల ఎత్తుకు సైకిలు దొరుకుతుందా అన్న మూడో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, మధ్యాహ్నం 1.05)

గోరింట గారూ, ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. ముందు రెండు చక్రాలు గారిని ఒకటి అడగాలి. మీ ప్రతి మాట వెనకా ఎవరో ఒక దుకాణదారు కనిపిస్తున్నాడు. ఏం జరిగిందో నేరుగా చెప్పండి.

రెండు చక్రాలు (బుధవారం, మధ్యాహ్నం 2.20)

చెబుతాను. మూడేళ్ల క్రితం జనవరిలో హావ్‌లాక్‌లో రెండు సైకిళ్లు తీసుకున్నాం, ఒకటి నాకు, ఒకటి నా భార్యకు. రాధానగర్ నుంచి తిరిగి వస్తూ పల్లంలో ఆమె సైకిలు ముందు బ్రేకు తీగ తెగింది. వెనక బ్రేకు ఒక్కటే ఆ వేగాన్ని ఆపలేకపోయింది. గట్టు పక్కన పడింది. మణికట్టు విరిగింది. ప్రథమ చికిత్స అక్కడే జరిగినా, కట్టు కట్టించడానికి మర్నాడు పడవలో పోర్ట్ బ్లెయిర్ రావలసి వచ్చింది. ఆ రాత్రంతా ఆమె కూర్చునే ఉంది.

సాయంత్రం నేను దుకాణానికి వెళితే అతను మొదట అడిగింది ‘సైకిలు ఎక్కడ?’ అని. రిమ్ము వంగింది, మడ్గార్డు విరిగింది అని లెక్క కట్టి ధరావతులో 1,500 రూపాయలు పట్టుకున్నాడు. ‘మీరు చూసుకునే కదా తీసుకెళ్లారు’ అన్నాడు. ఆ మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, మధ్యాహ్నం 2.58)

మీ భార్య గారికి అలా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. అయినా అడగక తప్పదు. ఇరవై ఏళ్లు తొక్కినవారు మీరు. తీసుకునే ముందు ఆ బ్రేకు పట్టి చూశారా? పల్లంలోకి దిగే ముందు ఒకసారి ఆగి చూశారా? పడ్డాక సైకిలును దారి పక్కనే వదిలి టాక్సీ ఎక్కి ఉంటారు. దాన్ని తెచ్చుకోవడానికి ఆ మనిషి ఆ రాత్రి ఎంత దూరం వెళ్లాడో మీకు తెలుసా?

రెండు చక్రాలు (బుధవారం, మధ్యాహ్నం 3.10)

చెయ్యి విరిగిన మనిషిని వదిలేసి సైకిలును మోసుకు రమ్మంటారా? మీరు మీ మేనమామ కోసం మాట్లాడుతున్నారు. ఆ దుకాణం ఆయనదే అయినా ఆశ్చర్యపోను.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, మధ్యాహ్నం 3.14)

ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మాట వెనక్కి తీసుకోండి.

నిర్వాహకుడు (బుధవారం, మధ్యాహ్నం 3.40)

ఇద్దరూ కాసేపు ఆగండి. మనుషుల మీదికి వెళ్లకండి.

రెండు చక్రాలు (బుధవారం, రాత్రి 8.25)

మేనమామ గారి గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తప్పు.

మిగిలిన దానికి జవాబు చెబుతాను. చూశాను. రెండు సైకిళ్లవీ నాలుగు బ్రేకులూ పట్టి చూశాను. ఆమె సైకిలు ముందు బ్రేకు వదులుగా ఉందని చెబితే అతను నా కళ్ల ముందే బిగించాడు. తెగింది బయటికి కనిపించే చోట కాదు. తీగ మీద గొట్టం ఉంటుంది కదా, దాని లోపల. అక్కడ తుప్పు పట్టి ఒక్కొక్క పోగూ తెగుతూ వచ్చింది, చివరి పోగులు పల్లంలో తెగాయి. వదులుగా అనిపించినది కూడా అందుకేనని తర్వాత అర్థమైంది. బిగించడం వల్ల మిగిలిన పోగుల మీద భారం ఇంకా పెరిగింది.

దాన్ని నేను ఎలా చూడాలి? అద్దెకు తీసుకున్న ప్రతివాడూ తీగ బయటికి లాగి చూడాలా? తీరం వైపు గారి అమ్మాయి చూడాలా? నేను ఎత్తు గురించి వాదించింది ఎత్తు కోసం కాదు. ఆ పల్లంలోకి మరో ఇంటి పిల్ల అలాంటి సైకిలు మీద దిగకూడదని.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, రాత్రి 9.50)

గొట్టం లోపల తెగిందని ముందే చెప్పి ఉంటే నేను ఆ ప్రశ్న వేసేవాణ్ణి కాదు. అది తీసుకునేవాడికి కనిపించదు. ఇచ్చేవాడికి కూడా కనిపించదు, కానీ అతనికి తెలిసి ఉండాలి. మా మేనమామ ఏటా వానలు తగ్గాక, సందర్శకులు రాకముందు, బాగున్నా లేకున్నా అన్ని సైకిళ్లకూ బ్రేకు తీగలు మార్చేవారు. వదులైన తీగను బిగించి ఇవ్వడాన్ని ఆయన ఒప్పుకునేవారు కాదు, కొత్తది వేసేవారు. ఆ దుకాణదారు చేసింది తప్పే. మీ 1,500 అతను పట్టుకోకుండా ఉండవలసింది.

కానీ నేను పూర్తిగా మీ వైపు రాలేను. ప్రతి తీగా, ప్రతి ట్యూబూ చెన్నై నుంచో కోల్‌కతా నుంచో ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కు రావాలి, అక్కడి నుంచి మళ్లీ పడవలో హావ్‌లాక్‌కు చేరాలి. రోజుకు రెండు వందలు అద్దె ఇచ్చి, అందులోనే బేరమాడి, ఇసుకలో తొక్కి తెచ్చే మనుషులతో ఆ ఖర్చు గిట్టదు. అందుకే మా వాళ్లు ఒక్కొక్కరే సైకిళ్లు అమ్మేసి స్కూటర్లు పెట్టుకున్నారు. మా మేనమామ కూడా చివరికి అదే చేశారు. మీరు ‘వద్దు’ అని రాసిన ప్రతిసారీ మిగిలిన ఆ కొన్ని సైకిళ్లు కూడా పోతాయి. నా కోపం దాని మీద.

రెండు చక్రాలు (బుధవారం, రాత్రి 10.15)

గిట్టకపోతే మూడు వందలు అడగమనండి, ఇస్తాను. నాలుగు వందలైనా ఇస్తాను. తక్కువకు ఇచ్చి తీగ మార్చకపోవడాన్ని మాత్రం పేదరికం పేరు చెప్పి ఒప్పుకోను.

టెక్కలి నుంచి రేవుకు (బుధవారం, రాత్రి 10.22)

మీరు ఇస్తారు. పక్క దుకాణంలో నూట యాభైకి దొరికితే మీ వెనక వచ్చినవాడు అక్కడికి వెళ్తాడు.

కొబ్బరాకు (గురువారం, ఉదయం 6.40)

నేను నూట యాభైకి తీసుకున్నవాణ్ణే. బ్రేకు చూసుకోలేదు. రాత్రి ఇదంతా చదివాక నా పాత ఫొటోలు తీసి చూశాను, తడి ఇసుకలో తొక్కుతున్నవే నాలుగు ఉన్నాయి.

తీరం వైపు (గురువారం, మధ్యాహ్నం 12.30)

అందరూ చెప్పింది మా వారికి చదివి వినిపించాను. హావ్‌లాక్‌లో ఆటోలు, నీల్‌లో మూడు సైకిళ్లు అని నిర్ణయించుకున్నాం. రాధానగర్‌కు తెల్లవారుజామున సైకిలు మీద వెళ్లాలని నాకు ఇంకా ఉంది. ఆ పల్లం సంగతి విన్నాక అమ్మాయిని తీసుకెళ్లే ధైర్యం చాలడం లేదు. కార్డు నకళ్లు తీసి పెట్టుకున్నాను. సైకిలు తీసుకునేటప్పుడు బ్రేకు వదులుగా ఉంటే బిగించమనను, వేరే సైకిలు అడుగుతాను. ఇసుకలోకి దించం.

మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. అమ్మాయి ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు.

టెక్కలి నుంచి రేవుకు (గురువారం, మధ్యాహ్నం 1.10)

అమ్మా, గోరింట గారు చెప్పినట్టు నీల్‌లో పెద్దవాళ్ల సైకిళ్లే ఎక్కువ. అడ్డు కడ్డీ లేనిది అడిగి తీసుకోండి, సీటు పూర్తిగా దించితే ఆ ఎత్తుకు సరిపోతుంది. పెడల్ కింది కొసన ఉన్నప్పుడు మడమ దానికి ఆనాలి, అది చూసుకోండి. బోల్టు కదలకపోతే తీసుకోవద్దు. సందర్శకుల రద్దీ నెల కాబట్టి పడవ దిగిన మధ్యాహ్నమే వెళ్లి మాట్లాడి పెట్టుకోండి, మర్నాటి ఉదయానికి చిన్నవి మిగలవు.

రెండు చక్రాలు (గురువారం, మధ్యాహ్నం 1.35)

సీటు బోల్టు తిప్పడానికి ఆరు మిల్లీమీటర్ల అలెన్ కీ ఒకటి, చిన్న నూనె సీసా ఒకటి పెద్ద సంచిలో వేసుకోండి. చేతి సంచిలో అయితే విమానాశ్రయంలో తీసేస్తారు. పాత సైకిళ్లకు పదమూడో నంబరు స్పానరు కావలసి రావచ్చు, అదీ పెట్టుకోండి.