నాయనకు మ్యాచ్ వినిపించాలంటే ఏ కామెంటరీ పెట్టాలి?

ఘాట్‌రోడ్డు డ్రైవర్ కూతురు, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది కొర్లగుంట. మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మొదట్లో వేలూరు, కంచి సర్వీసులు, ఆ తర్వాత చాలా ఏళ్లు తిరుమల ఘాట్‌రోడ్డు. షుగర్ వల్ల మూడేళ్ల కిందట చూపు పోయింది. వెలుతురు, నీడ తెలుస్తాయంతే. క్రికెట్ అంటే ఆయనకు ప్రాణం. మ్యాచ్ ఉందంటే ఇప్పటికీ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, టీవీ ముందు తన కుర్చీలో కూర్చుంటాడు.

ఆయన పక్కన కూర్చున్నాకే నాకు కామెంటేటర్ల మాటలు నిజంగా వినిపించడం మొదలైంది. అంతకుముందు అది ఫ్యాను చప్పుడులాగా ఏదో వెనకాల నడుస్తూ ఉండేది. ఎవరు బాగా చెప్తారు, ఎవరు విసిగిస్తారు అని నన్నెవరైనా అడిగుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్క ఓవర్ వింటే చెప్పేస్తాను.

2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. హార్దిక్ మొదటి బంతికి మిల్లర్ గాల్లోకి లేపాడు. మేం పెట్టుకున్న ఛానెల్లో ఇద్దరూ ఒకేసారి అరిచారు. నాయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని "సిక్సా? ఔటా? ఎవురు పట్టినారు?" అని అడుగుతున్నాడు. టీవీలో రీప్లే మీద రీప్లే వేస్తున్నారు. వీళ్లేమో "ఏం క్యాచ్! ఏం క్యాచ్!" అంటారే తప్ప సూర్యకుమార్ ఎలా పట్టాడో చెప్పరు. చివరికి నేనే నాయన అరచెయ్యి తెరిచి, గోటితో అడ్డంగా గీత గీశాను. "ఇది బౌండరీ రోపు నాయనా. ఇక్కడ లోపల పట్టినాడు. కాలు ఆగలేదు, బంతిని పైకి ఎగరేసి తాను అవతలికి పోయినాడు. మళ్లా లోపలికొచ్చి పట్టుకున్నాడు." నాయన ఆ గీతను తన వేలితో రెండుసార్లు తడిమి చూసుకుని, అప్పుడు నవ్వాడు.

ఆ రాత్రే ఒక మాటన్నాడు. "డిపోలో బండి రివర్సు తీసేటప్పుడు కండక్టరు వెనక నిలబడి రానీ, రానీ, హోల్డాన్ అంటాడు. నాకు వెనక ఏముందో కనపడదు, ఆయన గొంతే నాకు అద్దం. ఎంత దూరముందో చెప్పాల. ఊరికే అరిస్తే బండి గోడకు కొడతాది." కామెంటేటర్ గురించి ఇంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

రేడియోలో విన్న మ్యాచ్‌లు ఆయనకు ఇప్పటికీ బొమ్మలు బొమ్మలుగా గుర్తున్నాయి. 1987 ప్రపంచకప్‌లో బొంబాయి సెమీఫైనల్. ఇంగ్లండ్ ఆటగాడు గ్రాహం గూచ్ 115 కొట్టాడు, మనం 35 పరుగులతో ఓడిపోయాం. గూచ్ మోకాలు నేలకు ఆనించి మణీందర్ సింగ్‌ను, రవిశాస్త్రిని స్వీప్ మీద స్వీప్ కొట్టడం నాయన ఇప్పటికీ కుర్చీలోంచే చేత్తో చూపిస్తాడు. ఆ మ్యాచ్ ఆయన చూడలేదు, గ్యారేజీలో రేడియో దగ్గర నిలబడి విన్నాడు.

ఇప్పటిదాకా ఏం పెట్టి చూశానో చెప్తాను. తెలుగు: ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి మాజీ కీపర్, స్పిన్నర్‌కు కీపర్ ఎందుకు ఆలస్యంగా లేవాలో చెప్తుంటే నాయన ముందుకు వంగి వింటాడు. కానీ కొంతమంది ప్రాస కోసం, సినిమా డైలాగు కోసం వెతుక్కుంటూ ఉండగానే బంతి పడిపోతుంది. రెండు ఓవర్లు గడిచినా స్కోరు చెప్పరు. స్కోరు తెర మీద మూలన ఉంది కదా అని వాళ్ల ధీమా. తమిళం: వేలూరు రూట్ పుణ్యమా అని నాయనకు బాగా అర్థమవుతుంది, చెన్నై మ్యాచ్ అయితే అదే పెట్టమంటాడు. అక్కడ కబుర్లు ఎక్కువ. ఇంగ్లిష్‌లో రవిశాస్త్రి గొంతు వినిపిస్తే మాత్రం ముఖం వెలుగుతుంది. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో ధోనీ కొట్టిన సిక్స్ ఆయన కళ్లతో చూశాడు. ఆ గొంతు వింటే ఆ బంతి మళ్లీ లాంగాన్ మీదుగా వెళ్లడం కనిపిస్తుందంటాడు.

నేను స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేసరికి గొంతు పోయి ఉంటుంది, మ్యాచ్ అంతా చెప్పలేను. అమ్మకు ఆట అంతగా తెలియదు. మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లున్నారా? ఏం చేస్తున్నారు?

షటిల్ ప్రేమికుడు, చంద్రగిరి

అక్కా, మీ అరచేతి గీత చదివి చాలాసేపు ఏమీ తోచలేదు.

నా అభిప్రాయం కొంచెం వేరు. నన్ను విసిగించేది మాటల కొరత కాదు, మాటల వరద. రిచీ బెనో గురించి వినే ఉంటారు. ఆస్ట్రేలియాకు కెప్టెన్‌గా చేసి తర్వాత కామెంటరీకి వచ్చాడు, 2015లో పోయాడు. తెర మీద కనిపించేదానికి ఏదైనా కలపగలిగితేనే నోరు తెరవాలి, లేకపోతే ఊరుకోవాలి అన్నది ఆయన పద్ధతి. నేను బ్యాడ్మింటన్ ఎక్కువ చూస్తాను. అక్కడ ర్యాలీ జరుగుతున్నంతసేపు మంచి కామెంటేటర్లు మాట్లాడరు. 2017లో గ్లాస్గోలో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహరా ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది. అందులో ఒక ర్యాలీ 73 షాట్లు. అలాంటి ర్యాలీకి ఎవరైనా మాటలు అడ్డం పెడితే నేను భరించలేను. షూ కీచుమనడం, షటిల్ చప్పుడు, జనం ఊపిరి బిగబట్టడం, అదే కామెంటరీ.

మీ నాన్నగారికి ఒకసారి బ్యాడ్మింటన్ వినిపించి చూడండి. స్మాష్ చప్పుడు టపాకాయలా ఉంటుంది, డ్రాప్ అయితే దాదాపు వినపడదు. కాసేపు అలవాటైతే ఆయనకే తెలిసిపోతుంది.

సౌండ్ మనిషి

నేను కొన్నాళ్లు ముంబైలో స్పోర్ట్స్ ప్రసారాల సౌండ్ విభాగంలో పనిచేశాను, ఇప్పుడు రేణిగుంటలో ఉంటున్నాను. మీరు చెప్పిన సమస్యకు లోపలి కారణం ఒకటుంది.

ప్రాంతీయ భాషల కామెంటరీ చాలావరకు గ్రౌండ్ నుంచి రాదు. కామెంటేటర్లు స్టూడియోలో మానిటర్ ముందు కూర్చుంటారు. మీ ఇంట్లో టీవీలో వచ్చే బొమ్మే వాళ్లకూ కనిపిస్తుంది. కెమెరా బౌలర్ మీద ఉంటే డీప్ స్క్వేర్ లెగ్ ఫీల్డర్ ఎక్కడున్నాడో వాళ్లకూ తెలియదు. అదే గ్రౌండ్‌లో కామెంటరీ బాక్సులో ఉన్నవాళ్లు తల తిప్పితే చాలు, ఫీల్డ్ మొత్తం కనిపిస్తుంది. అందుకే స్టూడియోలో ఉన్నవాళ్లు ఫీల్డ్ సంగతి చెప్పడం మానేసి, కబుర్లతో ఖాళీ నింపుతారు.

ఇంకోటి, వాళ్ల చెవిలో ప్రొడ్యూసర్ గొంతు ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఇప్పుడు గ్రాఫిక్ వస్తోంది, ఈ స్పాన్సర్ పేరు చదువు, రేపటి మ్యాచ్ గురించి చెప్పు, ఓవర్ అయిపోతోంది ముగించు. బంతి కళ్ల ముందు, మాట చెవిలో, నోటిలో ఇంకో వాక్యం. ఇది అనుభవం లేనివాళ్లకు చాలా కష్టం. పెద్ద ఆటగాళ్లయినా మొదట్లో తడబడతారు. నేను పక్కనే ఉండి చూశాను, చలిగా ఉన్న ఏసీ గదిలో చెమటలు పట్టేవి. కాబట్టి వాళ్లంతా నిర్లక్ష్యంగా ఉన్నారనుకోకండి.

రేడియోలో పని నేర్చుకున్నవాళ్ల తీరు వేరు. మన హైదరాబాద్ మనిషి హర్షా భోగ్లే కుర్రతనంలో ఆకాశవాణిలోనే మొదలుపెట్టాడు. బంతి ఎటు పోయింది, ఎవరు ఆపారు, స్కోరెంత, ఈ మూడూ ఊపిరిలాగా వచ్చేస్తాయి అలాంటివాళ్లకు. మీ నాన్నగారికి కావలసింది టీవీ కామెంటరీ కాదండీ, రేడియో కామెంటరీ. న్యూస్ ఆన్ ఎయిర్ అని ప్రసార భారతి యాప్ ఉంది. మనవాళ్ల మ్యాచ్‌లు చాలావాటికి ఆకాశవాణి హిందీలో, ఇంగ్లిష్‌లో మార్చి మార్చి చెప్తుంది. టీవీ సౌండ్ తీసేసి ఫోన్‌ను ఒక స్పీకరుకు కలపండి.

పీఈటీ సార్, చిత్తూరు

అమ్మా, నేను చిత్తూరు దగ్గర పల్లెలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. సంక్రాంతికి మా చుట్టుపక్కల జరిగే కబడ్డీ పోటీలకు ఇరవై ఏళ్లుగా మైకు నాదే. నాకు మైకు నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పాడు: "జనం వెనకాల నిలబడి ఆట కనపడని మనిషి కోసం చెప్పు." ముందు వరసలో కూర్చున్నవాడికి నువ్వు అక్కర్లేదు, చెట్టు దగ్గర నిలబడ్డ ముసలాయనకు కావాలి. మీ నాయన మాట చదివినప్పుడు అదే గుర్తొచ్చింది.

ఆయనకు ప్రో కబడ్డీ తెలుగులో వినిపించి చూడండి. రైడ్ అంటే ముప్పై సెకన్లే. అందుకని కామెంటేటర్‌కు పక్క కబుర్లకు తీరిక ఉండదు. ఎవరు రైడ్‌కు వెళ్లారు, అవతల ఎంతమంది మిగిలారు, బోనస్ వచ్చిందా, ఇవి చెప్పక తప్పదు. అవతల ముగ్గురో, అంతకంటే తక్కువమందో ఉండి రైడర్‌ను పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. కాబట్టి లెక్క చెప్పకపోతే ఆటే అర్థం కాదు. నన్ను విసిగించేదల్లా రైడర్ గీత దాటకముందే "పాయింట్!" అని అరిచి, తర్వాత సర్దుకోవడం. మైకు పట్టుకున్నవాడు రిఫరీ చెయ్యి చూసి నోరు తెరవాలి.

అంధుల క్రికెట్ గురించి మీ నాయనకు చెప్పారా? బంతిలో గలగలమనే చిన్న గుండ్లుంటాయి. బౌలర్ "రెడీ?" అని అడిగి, బ్యాటర్ సిద్ధమన్నాక "ప్లే" అంటూ కింద దొర్లేలా వేస్తాడు. మన ఆంధ్ర పిల్లవాడు అజయ్ కుమార్ రెడ్డి దేశానికి కెప్టెన్‌గా చేశాడు. 2025 నవంబర్‌లో కొలంబోలో మన అంధ మహిళల జట్టు వాళ్ల మొట్టమొదటి టీ20 ప్రపంచకప్ గెలిచింది. ఆట మొత్తం చెవి మీద నడుస్తుంది. ఆయనకు నచ్చుతుంది.

ఘాట్‌రోడ్డు డ్రైవర్ కూతురు, తిరుపతి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇవన్నీ నాయనకు చదివి వినిపించాను. పీఈటీ సార్ గారి చెట్టుకింద ముసలాయన మాటకు "ఆ పెద్దాయనకు నా నమస్కారం చెప్పు" అన్నాడు.

షటిల్ తమ్ముడూ, మీ మాట చూపున్నవాళ్ల విషయంలో నిజం. నేనొక్కదాన్నే చూసేటప్పుడు నాకూ అంతే అనిపిస్తుంది. కానీ నాయనకు ఆ మౌనం చీకటిలో చీకటి. అయితే ఒకచోట మీరే గెలిచారు. వికెట్ పడగానే కామెంటేటర్ ఔట్ అని, ఎవరు పట్టారో చెప్పి ఆగిపోతే నాయనకు ఇష్టం. జనం హోరు వింటాడు. మన ఊళ్లో మన వికెట్ పడితే వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో, వాళ్లది పడితే ఎలా ఉంటుందో ఆయనకు తేడా తెలుసు. ఆ హోరు మీద ఎవరైనా మాట్లాడితే చెయ్యి ఎత్తి "ఉండప్పా" అంటాడు, ఆ మనిషి ఎదురుగా ఉన్నట్టే.

సౌండ్ అన్నా, మీరు చెప్పాక స్టూడియోలో కూర్చున్నవాళ్ల మీద కోపం తగ్గింది. ఐనా ఒక్క కోరిక. ఓవర్‌కు రెండుసార్లు స్కోరు చెప్పమనండి. దానికి గ్రౌండ్ కనపడాల్సిన పని లేదు కదా. ఇంకోటి, పేర్లు. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి 2025 మహిళల ప్రపంచకప్ ఆడుతుంటే, తెలుగులో ఆ పేరు పూర్తిగా, స్పష్టంగా వినిపించిన ప్రతిసారీ నాయన "మన పిల్ల" అని అమ్మకు చెప్పేవాడు. చరణి చేతిలోంచి బంతి ఎలా వస్తోంది, ఎటు తిరుగుతోంది అని ఆ పేరు వెంట ఇంకో నాలుగు మాటలు చెప్పుంటే ఆయన కడుపు నిండేది.

మీరు చెప్పిన యాప్ పెట్టాను. మొన్నటి మ్యాచ్ మొత్తం రేడియోలోనే విన్నాడు. నాయన హిందీ అంతా యాత్రికుల దగ్గర నేర్చుకున్నదే, ఐనా సరిపోయింది. బౌలర్ ఎటువైపు నుంచి వస్తున్నాడో చెప్తుంటే తల అటు తిప్పుతున్నాడు. ఒక్క ఇబ్బంది, ఫోన్లో కామెంటరీ టీవీ బొమ్మ కంటే వెనక వస్తోంది. వికెట్ మాకు ముందే కనిపించేస్తోంది. మొదటిసారి అమ్మ "అయ్యో, ఔట్!" అనేసింది. నాయన ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది.

ఆ తర్వాత అమ్మ టీవీ చూస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వికెట్ పడింది. నేనూ, అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. స్పీకర్లోంచి మాట వచ్చేదాకా ఎంతసేపో అనిపించింది. అప్పుడు నాయన కుర్చీ చెయ్యి మీద గట్టిగా చరిచి, "ఔట్! బౌల్డ్! ఆఫ్ స్టంప్!" అని మాకు చెప్పాడు. అమ్మ కొంగు తీసేసి "అవునా?" అంది.